వెంచర్ పడబోయే బీట్లో విష్ణుక్రాంత: వేళ్లతో తవ్వి తెచ్చుకోవచ్చా?

ఎర్రచెలక
అందరికీ నమస్కారం. మాది శంకర్‌పల్లి దగ్గర. మా ఇంటి వెనక రెండెకరాల బీడు ఉంది, గరప కలిసిన ఎర్ర చెలక. నాలుగేళ్లుగా చూస్తున్నాను, తొలకరి పడి నెల తిరిగేసరికి అక్కడ విష్ణుక్రాంత పూస్తుంది. నేల మీద పరుచుకునే సన్నటి కొమ్మలు, మెత్తటి నూగు పట్టిన చిన్న ఆకులు, చొక్కా గుండీకన్నా చిన్న నీలం పువ్వు. పొద్దున్నే వెళ్తే నేలంతా నీలం చుక్కలే. మధ్యాహ్నం అన్నం వేళకు అన్నీ ముడుచుకుపోయి ఒక్కటీ కనబడదు.

పోయిన వారం ఆ బీట్లో హద్దురాళ్లు పాతారు. వెంచర్ అట. జేసీబీ ఏ రోజు వస్తుందో తెలియదు, రోజూ టెన్షన్‌గా ఉంది. పది పదిహేను మొక్కలు వేళ్లతో తవ్వి పెరట్లో పెట్టుకుందామనుకున్నాను. మా చెల్లెలు ఒప్పుకోవడం లేదు. తనంతట తాను పెరిగే మొక్కను తవ్వకూడదు, కావాలంటే విత్తనం తెచ్చుకో అంటుంది. ఎవరిది సరైన మాట? ఇంకోటి కూడా చెప్పాలి. నిరుడు ఒక నర్సరీలో విష్ణుక్రాంత అంటే నమ్మి కొన్నాను. పెద్ద పెద్ద పువ్వులు పూసింది కానీ అది ఈ మొక్క కాదు. అందుకే అసలు మొక్క మీద ఇంత ఆశ.

మిద్దెతోట బెజవాడ
ఇందులో చర్చ ఏముందండీ? రేపే వెళ్లి తవ్వేయండి. జేసీబీ కింద పడి పోయే మొక్క మీ ఇంట్లో బతికితే పుణ్యమే కదా. పదిహేను కాదు, యాభై తెచ్చుకోండి.

పాత బాటనీ లెక్చరర్
అమ్మా, మీ చెల్లెలిది సరైన మాట. కానీ ఆమె చెప్పిన కారణం ఒక్కటే చాలదు. తవ్వడం తప్పా ఒప్పా అనేదానికన్నా ముందు, తవ్వితే మొక్క బతుకుతుందా అని అడగాలి. నా అనుభవంలో ఎదిగిన మొక్క బతకదు. పదేళ్ల కింద నేను ఒక గుట్ట వాలు నుంచి ఇరవై మొక్కలు తవ్వి తెచ్చాను. నెల తిరిగేసరికి మూడు మిగిలాయి. ఆ పదిహేడు మొక్కలు ఉన్నచోటే ఉంటే ఇంకా ఎన్నో ఏళ్లు పూసేవి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎందుకు బతకదో చెప్తాను. విష్ణుక్రాంత బహువార్షికం, అంటే ఏళ్ల తరబడి బతికే మొక్క. పైకి కనిపించే కొమ్మలు జానెడో మూరెడో ఉంటాయి, ఎండాకాలం అవి ఎండిపోతాయి కూడా. మొక్క అసలు ప్రాణం నేల లోపల ఉన్న గట్టి, కట్టెలాంటి వేరు మొదట్లో ఉంటుంది. వాన పడగానే అక్కడి నుంచే కొత్త చివుళ్లు వస్తాయి. ఆ వేరు గరప రాళ్ల సందుల్లోంచి కిందికి దిగి ఉంటుంది. పార వేసి పైకి లేపితే లావు వేరు చేతికి వస్తుంది కానీ నీళ్లు తాగే సన్న వేళ్లు మట్టిలోనే తెగిపోతాయి. తర్వాత మనం చేసే రెండో తప్పు, దాన్ని తెచ్చి కోకోపీట్, ఎరువు కలిపిన మెత్తటి మట్టిలో పెట్టి రోజూ నీళ్లు పోయడం. బీట్లో ఆకలితో పెరిగిన మొక్క అది. ఆ తడికి వేరు మొదలు కుళ్లిపోతుంది.

విత్తనం దారి నిదానమే కానీ ఖాయం. పువ్వు రాలాక శనగగింజకన్నా చిన్న గుండ్రటి కాయ వస్తుంది. ఎండి గోధుమరంగుకు తిరిగాక నాలుగు పలకలుగా పగులుతుంది, లోపల మామూలుగా నాలుగు గింజలు. ఇది చిలగడదుంప, తూటికూర కుటుంబం. ఆ కుటుంబంలో చాలా మొక్కల గింజలకు నీళ్లు చొరనివ్వని గట్టి పెంకు ఉంటుంది. దీనికీ అంతే. ఊరికే చల్లితే కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు, కొన్ని ఇంకా తర్వాత మొలుస్తాయి. వాన మోసం చేసిన ఏడాది మొత్తం పోకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. మనకు తొందర కాబట్టి గింజలను రెండు శాండ్ పేపర్ల మధ్య పెట్టి మెల్లగా పది సార్లు రుద్దాలి. పెంకు మెరుపు పోతే చాలు, లోపలి పప్పు కనబడేదాకా రుద్దకూడదు. రాత్రంతా నీళ్లలో వేస్తే పొద్దునకి ఉబ్బినవి ఉబ్బుతాయి. ఉబ్బనివాటిని మళ్లీ రుద్దండి. ఎర్రమట్టి సగం, ముతక ఇసుక సగం కలిపి, గింజ మందాన మట్టి కప్పి, పూర్తి ఎండలో పెట్టండి. నాకు వారం నుంచి మూడు వారాల లోపు మొలిచాయి.

అనంత రైతు
లెక్చరర్ గారూ, మీరంటే గౌరవమే. కానీ దీన్ని మరీ పెద్ద సమస్య చేస్తున్నారు. మా పెనుకొండ వైపు ఇది గట్టు మీద ఉచితంగా పెరిగే మొక్క. మా అవ్వ బతికినన్నాళ్లూ ప్రతి వినాయక చవితికి పత్రి కోసం అదే గట్టు మీద పిడికెడు విష్ణుక్రాంత పీక్కొచ్చేది. మళ్లీ ఏడాది అక్కడే ఉండేది. మేకలు మేస్తాయి, ఎద్దులు తొక్కుతాయి, దానికేమీ కాదు. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికా అంతా ఉండే మొక్కకు పది తవ్వితే కొరత వస్తుందా?

పాత బాటనీ లెక్చరర్
మీ అవ్వగారు పీకినది కొమ్మలు అయ్యా. పిడికిట పట్టి లాగితే పైభాగం తెగి వస్తుంది, గట్టి నేలలో వేరు మొదలు అలాగే ఉండిపోతుంది. మేక మేసినా అంతే. అందుకే మళ్లీ ఏడాది చిగురించింది. పార వేసి వేరు తీయడం వేరే పని. మీ అవ్వ చేసినట్టే చేయండి అని నేను కూడా చెప్తాను.

గట్టుమీద
అనంత రైతు అన్నా, ఒక్క ప్రశ్న. ఆ గట్టు మీద ఇప్పుడు ఉందా? మాది నల్గొండ జిల్లా. మా నాయన కాలంలో గట్లు కొడవలితో కోసేవాళ్లు. ఇప్పుడు కూలీలు దొరకక ఏడాదికి రెండుసార్లు గడ్డిమందు కొడుతున్నాం. నేనూ కొట్టాను. ఆ మందు, గ్లైఫోసేట్, ఆకు మీద పడితే వేరు దాకా దిగుతుంది. మేక చంపలేని మొక్క దీనికి చచ్చిపోతుంది. మా గట్ల మీద విష్ణుక్రాంత పోయి ఆరేడేళ్లయింది, ఒట్టి వయ్యారిభామ మిగిలింది. ప్రపంచమంతా ఉంది అనే మాట నిజమే. మా ఊళ్లో లేదనేదీ నిజమే.

అనంత రైతు
ఉంది, కానీ మునుపటంత లేదు. గడ్డిమందు సంగతి నేను ఆలోచించలేదు తమ్ముడూ. అయినా ఇక్కడ అడిగింది గట్టు గురించి కాదు, ప్లాట్లయ్యే భూమి గురించి. ఆ భూమిలో వేరు వదిలినా లాభం లేదు. అక్కడ నా మాట మార్చను.

డాలస్ పెరడు
మేమిక్కడ చవితికి నర్సరీలో దొరికే బ్లూ డేజ్ కొమ్మలే విష్ణుక్రాంత అని పెడుతున్నాం. తప్పా?

సీతమ్మ వాకిలి
బాబూ, భక్తి విషయంలో తప్పు ఒప్పు నేను చెప్పను, మొక్క గురించి చెప్తాను. బ్లూ డేజ్ బ్రెజిల్ వైపు మొక్క. విష్ణుక్రాంతకు అక్కచెల్లెలు వరస, ఒకే ప్రజాతి, కానీ జాతి వేరు. దాని పువ్వు రూపాయి బిళ్లంత ఉంటుంది, కాడ కనబడకుండా కొమ్మ చివర ఆకుల్లో కూర్చుంటుంది. మన విష్ణుక్రాంత పువ్వు అందులో సగం కూడా ఉండదు, దారంలాంటి సన్నటి కాడ చివర నిలబడుతుంది. ఎర్రచెలకకు నిరుడు అమ్మినది బ్లూ డేజే అయి ఉండాలి.

పేరు గొడవ ఇవాళ్టిది కాదు. అమరకోశంలో విష్ణుక్రాంత అనే మాట అపరాజితకు, అంటే మన శంఖపుష్పం తీగకు పర్యాయపదంగా ఉంది. అందుకే కొందరి ఇళ్లలో పత్రికి శంఖపుష్పం ఆకు పెడతారు. మా పుట్టింట్లో ఈ నేల మొక్కే పెట్టేవాళ్లం. కేరళలోనూ దశపుష్పాలు అనే పది పవిత్ర మొక్కల్లో విష్ణుక్రాంతి అంటే ఈ చిన్న మొక్కే. దీన్ని కూడా శంఖపుష్పి అనే పేరుతో మందులకు వాడేవాళ్లున్నారు, ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రామాణిక గ్రంథం) మాత్రం శంఖపుష్పి అంటే ఇంకో మొక్కను చెప్తుంది. ఇన్ని పేర్ల మధ్య మొక్కను పువ్వుతో గుర్తుపట్టాకే విత్తనం కోయండి.

మందు కోసమైతే మొక్క మొత్తం, వేరుతో సహా తీస్తారు. చవితి ముందు రోజు బజారులో కట్టలు చూశాను, వేళ్లతోనే ఉన్నాయి. అమ్మే తల్లిని ఏమంటాం, ఆమె రోజు కూలి అది. కొనే మనం కొమ్మ చాలని చెప్పవచ్చు, వేరున్న కట్ట వద్దనవచ్చు. పెరట్లో రెండు గంపల మట్టిలో పెంచుకుంటే ఆ కట్టే అక్కర్లేదు.

గట్టుమీద
ఎర్రచెలక అక్కా, అసలు విషయానికి వస్తాను. అందరూ మొక్క గురించే మాట్లాడుతున్నారు, మట్టి గురించి ఎవరూ అనలేదు. లెక్చరర్ గారు చెప్పినట్టు గింజలు ఏళ్ల తరబడి మొలవకుండా ఉంటే, నాలుగేళ్లుగా పూసిన ఆ బీట్లో పైమట్టి నిండా గింజలే ఉంటాయి కదా. జేసీబీ వచ్చాక పోయేది ఆ మట్టే. మొక్కలు దట్టంగా ఉన్నచోట పైన రెండంగుళాల మట్టి గీకి నాలుగు సంచులు తెచ్చి పెరట్లో ఎండ తగిలే మూల పరచండి. ఒక హెచ్చరిక. వయ్యారిభామ గింజలు, తుంగ గడ్డలు కూడా దాంతో వస్తాయి. మొదటి రెండేళ్లు చేత్తో ఏరాలి. పూత రాకముందే వయ్యారిభామను పీకండి, చేతులకు తొడుగులు వేసుకుని.

పాత బాటనీ లెక్చరర్
ఇది నాకు తట్టలేదు, చాలా మంచి ఆలోచన. దీనికి కొమ్మలు కూడా కలపండి. ఇప్పుడు వానాకాలమే కాబట్టి పూత లేని కొమ్మలు మూడంగుళాలవి కోసి, కింది సగం ఆకులు తీసేసి, కడిగిన ఇసుకలో గుచ్చండి. నీడలో పెట్టి, పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, రోజూ కాసేపు గాలి ఆడనివ్వండి. నాకు పదింట్లో నాలుగైదు వేరు పట్టాయి, మూడు వారాలు పట్టింది. బ్లూ డేజ్ అంత సులువుగా రాదు. కొమ్మతో వచ్చినవన్నీ తల్లి మొక్కకు నకళ్లే, కాబట్టి ఒకే మొక్క నుంచి కాకుండా ఏడెనిమిది మొక్కల నుంచి కోయండి.

మిద్దెతోట బెజవాడ
నేను మొదట యాభై తవ్వమన్నాను, అది వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పోయే భూమిలో వేరు తీయడం తప్పు అంటే మాత్రం ఒప్పుకోను. ఇరవైలో మూడు బతికినా సున్నా కన్నా మూడు ఎక్కువే కదా.

పాత బాటనీ లెక్చరర్
ఆ లెక్క పోయే భూమికి మాత్రమే సరిపోతుంది. అక్కడ నేనూ తవ్వుతాను. ఎదిగినవి వదిలేసి ఈ ఏడు మొలిచిన, వేలెడు లేని పిల్ల మొక్కలను మట్టి గడ్డతో సహా, వాన పడిన మర్నాడు సాయంత్రం తీయాలి. అవి బతికే అవకాశం చాలా ఎక్కువ. నా భయం ఇది చదివి ఎవరో అనంతగిరి గుట్టకో నల్లమలకో పార పట్టుకుని వెళ్తారని. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా మొక్క తీయడం 1967 అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యాల్లో 1972 వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిది. పట్టా భూమిలో యజమానిని అడగండి. భూమి పోదని తెలిసిన చోట మాత్రం పండిన కాయల్లో ఐదింట ఒకటికి మించి కోయవద్దు.

ఎర్రచెలక
అందరికీ ధన్యవాదాలు. శనివారం వెంచర్ ఆఫీసుకి వెళ్లి అడిగాను. మొక్క పేరు చెప్తే వాళ్లకు తెలియలేదు, ఫోన్లో ఫొటో చూపిస్తే పట్టుకెళ్లమన్నారు. నిన్న సాయంత్రం నేను, మా చెల్లెలు, పక్కింటి పిల్లలు ఇద్దరు వెళ్లాం. రాత్రి వాన పడి ఉంది. ఎండిన కాయలు అరవై పైగా దొరికాయి. పైమట్టి ఐదు సంచులు. ఎనిమిది మొక్కల నుంచి కొమ్మలు. పిల్ల మొక్కలు పదకొండు, గడ్డతో సహా. చెల్లెలు తవ్వడానికి పార ముట్టలేదు, కాయలు మాత్రం అన్నీ తనే ఏరింది. ఇంటికొచ్చాక కూడా నాదే సరైన మాట అంటోంది.

పెరట్లో బోరు గట్టు పక్కన ఎండ తగిలే చోట పాత మెత్తటి మట్టి తీసేసి, జానెడు లోతు గరప, ఇసుక పోశాను. మీదుగా ఆ ఐదు సంచులూ పరిచాను. పదకొండులో ఇవాళ పొద్దున రెండు వాడిపోయి ఉన్నాయి, తొమ్మిది నిలబడ్డాయి. ఒకదానికి పువ్వు కూడా విచ్చుకుంది. ఎవరికైనా గింజలు కావాలంటే మెసేజ్ పెట్టండి, కవర్లో పోస్టు చేస్తాను. నల్గొండ తమ్ముడికి మొదటి కవరు. గట్టు మీద చల్లే ముందు ఆ గట్టుకి గడ్డిమందు కొట్టనని ఇక్కడ రాయాలి.

గట్టుమీద
ఇంటి వైపు గట్టు ఒక్కటి, నలభై గజాలు. దానికి ఇక గడ్డిమందు కొట్టను అక్కా, కొడవలితోనే కోస్తాను. మిగతా గట్లకు ఇప్పుడే మాట ఇవ్వలేను. గింజలు పంపు.