‘దైవదాన’: ఆ ‘దా’కి ఒత్తు ఉందా, లేదా?

పలక: పాత పారసీక రాజధాని పర్సెపోలిస్‌లో దొరికిన జర్క్సీస్ చక్రవర్తి శాసనంలోని ఒక వాక్యం రెండు రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. ‘అదమ్ అవమ్ దైవదానమ్ వియకనమ్’ వరకే గుర్తుంది. దైవదానం అంటే మన దేవుడి మాన్యం లాంటిదా? మాన్యం ఊడగొట్టాడా, గుడి పడగొట్టాడా?

గసడదవ: మాన్యాన్ని ఎవరూ తవ్విపోయరండీ. ‘వియకనమ్’లో ఉన్నది ‘కన్’, మన ఖననం, ఖని మాటల్లోని ‘ఖన్’. పాత పారసీకంలో మహాప్రాణాలు పోయాయి. మన ద, ధ రెండూ అక్కడ ‘ద’గానే మిగిలాయి. కాబట్టి ఇది దానం కాదు, రాజధాని, నిధానం మాటల్లోని ‘ధానం’. దైవాలను నెలకొల్పిన చోటు. దాన్ని పునాదులతో సహా పెకలించానంటున్నాడు.

అరసున్న: ద, ధ రెండూ ఒకటైపోయాయని మీరే అన్నారు. మరి ఇక్కడ ఒత్తే ఉండేదని ఎలా తేల్చారు? మీ ఇష్టం వచ్చినచోట ఒత్తు పెట్టుకుంటానంటే కుదరదు.

తమలపాకు: హైదరాబాదు వాళ్లను అడగండి, చెబుతారు. పాన్‌దాన్, కలమ్‌దాన్, నమక్‌దాన్. ఫారసీ ‘దాన్’ అంటే పెట్టుకునే చోటు. పాన్‌దాన్ అంటే తమలపాకులు దానం చేసే పెట్టె అన్నవాళ్లను నేనింతవరకు చూడలేదు. గసడదవ గారికే నా ఓటు.

అరసున్న: దాన్ సంగతి అలా ఉంచండి, అసలు మజా ‘దైవ’లో ఉంది. దైవం–దయ్యం, బళ్లో వల్లెవేసిన ప్రకృతి–వికృతి! ఇరాన్‌లో దేవుళ్లు దయ్యాలయ్యారు, మన దగ్గర మాటే దయ్యమైంది. నా అనువాదం రాసుకోండి: ‘ఆ దయ్యాలకొంపను తవ్విపోశాను’.

గసడదవ: అనువాదం బాగుంది, చుట్టరికమే తప్పు. పారసీక ‘దైవ’కు సాటి మన ‘దేవ’, మన ‘దైవ’ కాదు. మనకు ‘ఏ’ అయినచోట వాళ్లకు ‘ఐ’ నిలిచింది, అంతే. తెలుగు దయ్యానికి పాతరోజుల్లో దేవుడనే అర్థమూ ఉంది. దయ్యమెఱుఁగు అంటే దేవుడెరుగు అనే.

బండి-ర: ఒత్తుల గొడవలో అసలు సంగతి మరిచారు. పారసీకుల పరమత సహనం అంటూ అందరూ చెప్పుకునేది ఇదేనా? సైరస్ క్రీ.పూ. 539లో బాబిలోన్ పట్టుకుని, అక్కడి మర్దుక్ దేవుడి పేరునే మట్టి శాసనం రాయించాడు (1879లో తవ్వకాల్లో దొరికింది). చెరపట్టిన విగ్రహాలను తిరిగి వాటి గుళ్లకు చేర్చానన్నాడు. ఆయన కూతురు అతోస్సా కొడుకే ఈ జర్క్సీస్. తాత గుళ్లు నిలబెడితే మనవడు తవ్వించాడు!

పలక: నా సందేహం కూడా అదే. ఏ దేశంలో తవ్వించాడో శాసనం పేరు చెప్పదు. బాబిలోన్ అని కొందరు, క్రీ.పూ. 480లో తగలబెట్టిన ఏథెన్స్ కొండ అని కొందరు.

తాళపత్రం: అదే మనవడు పర్సెపోలిస్‌లో కట్టించిన ద్వారం మీద ఏం రాయించాడో చూడండి: ‘దువర్థిమ్ విసదహ్యుమ్’. సర్వదేశాల ద్వారం. పడమటి పక్క రెండు ఎద్దులు. తూర్పు పక్కవాటికి ఎద్దు ఒళ్లు, రెక్కలు, గడ్డం ఉన్న మనిషి తల, అచ్చం అస్సూరు పద్ధతి. తండ్రి డేరియస్ సూసా కోట శాసనమైతే వాస్తు లెక్కల పుస్తకమే: దేవదారు లెబనాన్‌ది, బంగారం సార్డిస్, బాక్ట్రియాలది, దంతం కూష్, హిందు, అరఖోసియాలది. రాయి చెక్కింది యవనులు (గ్రీకులు), సార్డిస్ వాళ్లు, ఇటుక పని బాబిలోనియా వాళ్లది. వాళ్ల పేర్లు దాచకుండా రాతికెక్కించుకోవడమే గొప్పగా అనుకున్న కొలువు అది. ఇక మతమంటారా, రాజుల బడాయిలు వదిలేసి కొఠారు చిట్టాలు చూడండి. పర్సెపోలిస్ మట్టిపలకలు (క్రీ.పూ. 509–493) తిరగేస్తే పూజలకు సర్కారు ధాన్యం అందుకున్నవాళ్లలో ఏలాము దేవుడు హుంబాన్ పేరు పారసీక రాజుల పెద్ద దేవుడు అహురమజ్దా కంటే ఎక్కువసార్లు కనిపిస్తుంది.

తమలపాకు: ఆ ‘దహ్యు’ మన ‘దస్యు’వే కదా? మనకు దొంగ, వాళ్లకు దేశం!

బండి-ర: ధాన్యం పెట్టింది డేరియస్ కొఠారు, తవ్వించింది జర్క్సీస్. తండ్రి చిట్టా చూపించి కొడుకును వెనకేసుకొస్తే ఎలా సార్?

అరసున్న: ఈ రాజులకన్నా మా తిక్కన లక్ష రెట్లు నయం. ‘శ్రీయన గౌరి నాఁ బరఁగు చెల్వకు’ అని ఎత్తుకుని, ‘విష్ణురూపాయ నమశ్శివాయ’ అని ఒక్క పాదంలో తేల్చేశాడు.

గసడదవ: ఒక్క పాదం ఎక్కడిదండీ! ‘విష్ణురూ’ దగ్గర రెండో పాదం అయిపోతుంది. ‘పాయ నమశ్శివాయ’ మూడోది. విష్ణువు పై పాదంలో, శివుడు కింది పాదంలో, మధ్యలో మాట విరగకుండా సాగుతుంది. ఆ ఉత్పలమాల అందమంతా అక్కడే. పైకి చదివితే తెలుస్తుంది.

అరసున్న: చదివాకే రాశాను మేష్టారూ. మీరు ప్రాస దగ్గర ఆగిపోయే రకం.

పలక: తిక్కన మీద వేరే చర్చ పెట్టుకోండి, దండం పెడతాను. మరి శాసనంలో తర్వాత వచ్చే ‘అర్తాచా బ్రజ్మనియ’ మాటేమిటి? అర్త మన ఋతమే. బ్రజ్మన్ మన బ్రహ్మన్ అనుకోవచ్చా?

గసడదవ: అనుకోవచ్చు. కానీ ముందు ఆ ‘చా’ తేల్చాలి. అది మన సముచ్చయ ‘చ’ (‘మరియు’) అయితే ఒక అర్థం, ‘నుంచి’ అనే ‘హచా’ ముక్క అయితే మరొకటి.

అరసున్న: ‘చ’యే. ఇందులో తేల్చడానికేముంది?

గసడదవ: మరి దీర్ఘం ఎందుకొచ్చింది?