బోరు నీళ్లు, కొళాయి నీళ్లు ఒకే సంపులో పడతాండాయి. తాగొచ్చా?

ప్రశ్న (అనంతపురం నుంచి):
అందరికీ నమస్తే. ఈ మధ్యనే కొత్త బాడుగింటికి వచ్చినాం. కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి, అవీ తెల్లారుజామున. చాలకపోతే ఓనరు బోరు వేస్తాడు. రెండూ ఒకే సంపులో పడి, అక్కణ్ణుంచి మిద్దె మీది ట్యాంకుకు పోతాయి. కుక్కర్ అడుగున తెల్లగా సున్నం పేరుకుంటాంది. కొళాయి వదిలిన మొదట్లో నీళ్లు పసుప్పచ్చగా ఉంటాయి, ఒక్కోసారి డ్రైనేజీ వాసన. ఫిల్టర్లు అమ్మే ఒకాయన వచ్చి మీటరు ముంచి 740 చూపించి, "ఇవి తాగితే కిడ్నీలు పోతాయమ్మా, ఆర్‌వో పెట్టించుకోండి" అన్నాడు. ఇంట్లో ఐదేండ్ల పాప ఉంది. నిజంగా ఆర్‌వో కావాల్నా? కాంచి తాగితే చాలదా? ఇప్పటికైతే క్యాను నీళ్లు తెప్పిస్తాండాం.

జవాబు:
మేం పుట్టినప్పట్నుంచీ కొళాయి నీళ్లే తాగినాం అక్కా, ఏం కాలేదు. అమ్ముకునేటోళ్లు అట్లే భయపెడతారు.

జవాబు (నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన ఒకాయన):
అమ్మా, ఆ 740 మీ సంపుది. బోరుదీ కాదు, కొళాయిదీ కాదు. రేపు బోరు ఇంకో గంట ఎక్కువ వేస్తే ఆ నంబరు మారిపోతుంది. పైగా ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంత అనేదే చెబుతుంది. ఫ్లోరైడ్ అర మిల్లీగ్రాము ఉన్నా, రెండు ఉన్నా అది చూపేది 740యే. క్రిములను అసలు పట్టుకోలేదు. మన ప్రమాణాల ప్రకారం లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. 740కి కిడ్నీలు పోతాయనడం వ్యాపారం.

మీ రెండు నీళ్ల జబ్బులు వేరు. కొళాయికి వచ్చేవి పీఏబీఆర్ (పెన్నహోబిలం జలాశయం) వైపు నుంచి వచ్చే తుంగభద్ర కాలువ నీళ్లు. వాటిలో ఉప్పు తక్కువ. భయమల్లా దారిలోనే. సరఫరా ఆగినాక పైపు ఖాళీ అవుతుంది, యాడన్నా చిల్లి ఉంటే పక్కన మురుగుకాలువలోని తడిని లోపలికి పీల్చుకుంటుంది. వీధిలో ఎవరన్నా కొళాయికే నేరుగా మోటరు బిగించినారంటే ఇంక చెప్పనక్కర్లేదు. మీరు చూసే పసుపురంగు, వాసన అక్కడివే అయ్యుండొచ్చు. మొదట వచ్చే నీళ్లు పారబోయండి. వాసన రోజూ ఉంటే మీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి రాసివ్వండి, నోటిమాటగా చెప్పొద్దు.

బోరు సంగతి అట్ల కాదు. మన జిల్లాలో కింద ఉండేది గ్రానైట్ రాయి. అందులోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గతిలేకపోతే 1.5. చుట్టుపక్కల సెప్టిక్ ట్యాంకులుంటే నైట్రేట్ కూడా చూపించాలి, దాని హద్దు 45. కాంచితే క్రిములు చస్తాయి కానీ ఈ రెండూ పోవు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడతాయి. మామూలు క్యాండిల్ ఫిల్టరూ వీటిని ఆపదు. పాపకు ఐదేండ్లంటే శాశ్వత పళ్లు చిగుళ్ల లోపల తయారవుతాండే వయసు. ఫ్లోరైడ్ ఎక్కువైతే వాటికి మచ్చలు పడేది ఇప్పుడే, కనపడేది తర్వాత.

కాబట్టి బోరు నీళ్లు విడిగా, కొళాయి నీళ్లు విడిగా పట్టి పరీక్షకు ఇవ్వండి. రసాయనాలకు లీటరు ప్లాస్టిక్ సీసా చాలు, అవే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నింపండి. క్రిముల పరీక్షకు మాత్రం ల్యాబు వాళ్లిచ్చే సీసానే వాడాల, దాన్ని కడగకూడదు. పట్టినాక ఐసులో పెట్టి ఆ పూటే అందించాల. జిల్లా కేంద్రంలో ఉండే గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో అడిగి చూడండి.

క్యాను నీళ్ల మీద నాకు నమ్మకం లేదు. సీలు లేని క్యానులో ఏముందో ఆ ప్లాంటాయనకే తెలీదు.

జవాబు (ప్లంబింగ్ పనిచేసే తమ్ముడు):
అక్కా, సంపుకు ముందే కొళాయి పైపుకు ఒక టీ, ఒక వాల్వు వేయించండి. తాగే నీళ్లు నేరుగా వంటింటి డ్రమ్ములోకి పట్టుకోవచ్చు. బోరును సంపుకు కాకుండా మిద్దె మీది ట్యాంకుకు తిప్పితే బాత్రూములకు సరిపోతుంది. పెద్ద ఖర్చు కాదు, ఓనరు ఒప్పుకుంటాడు. సంపు కడగడం మర్చిపోవద్దు. అడుగున బురద ఉంటే ఎంత బ్లీచింగ్ వేసినా అది తినేస్తుంది.

జవాబు (అదే రిటైరైన ఆయన):
బాగా చెప్పినావు నాయనా. కొలత కూడా రాస్తా: నీళ్లు తేటగా ఉంటే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్. బకెట్‌లో కలిపి పైన తేరిన నీళ్లే పోయాల, పిండి వద్దు. గంట ఆగి వాడుకోండి.

అడిగినామె:
రిపోర్టులు వచ్చినాయి సార్. బోరులో ఫ్లోరైడ్ 1.9 ఉంది. కొళాయిలో 0.5, లవణాలు 310. కానీ క్రిములున్నాయని రాసినారు. పైపు విడదీయించినాం. ఇప్పుడు ఆర్‌వో కొనాల్నా?

జవాబు (రిటైరైన ఆయన):
కొళాయికి వద్దు. 500 లోపు లవణాలున్న చోట ఆర్‌వో ఆపాలని హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. తేర్చి, కాంచి తాగండి, చాలు. వేసవిలో కొళాయి ఆగి బోరే గతి అయితే అప్పుడు ఆర్‌వో మాట. దాంట్లో పారిపోయే నీళ్లు ఇల్లు తుడవడానికి, లెట్రిన్‌కు వాడుకోండి, చెట్లకు పోయొద్దు. బోరును వానల ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మళ్లీ పరీక్ష చేయించండి.

అడిగినామె:
సరే సార్. అన్నానికి, పప్పుకు బోరు నీళ్లు వాడొచ్చా? ఉడుకుతాయి కదా.

జవాబు (రిటైరైన ఆయన):
వద్దమ్మా. అన్నం ఆ నీళ్లనంతా లాక్కుంటుంది, ఫ్లోరైడ్‌తో సహా. పప్పులో పోసిందీ తిరిగి కడుపులోకే. వంటకు, పాలల్లో కలిపేదానికి కూడా కొళాయి నీళ్లే. గిన్నెలకు, గుడ్డలకు బోరు.