ఇంట్లో నిరంతరం నడిచే సర్వర్‌కు తక్కువ కరెంటుతో సరిపెట్టుకునే యంత్రం ఏది?

ప్రశ్న:
ఇంటిల్లిపాది ఫోటోల కోసం ఇమ్మిచ్, సినిమాల కోసం జెల్లీఫిన్, ప్రకటనలను ఆపడానికి పై-హోల్ ఒక పాత డెస్క్‌టాప్‌పై నడుపుతున్నాను. ఎవరూ వాడని అర్ధరాత్రి వేళ కూడా అది 55 వాట్లు తీసుకుంటున్నట్లు ప్లగ్ మీటరు చూపిస్తోంది. దాని స్థానంలో రాస్‌బెర్రీ పై 5 (అరచేతిలో ఇమిడే ఒకే బోర్డు కంప్యూటర్) మేలా, ఇంటెల్ ఎన్100 (తక్కువ కరెంటు వాడే ప్రాసెసర్) ఉన్న మినీ పీసీ మేలా? నా దగ్గరున్న రెండు 3.5 అంగుళాల హార్డ్ డిస్కులను మాత్రం వదులుకోలేను.

సమాధానం 1:
ఏడాది పొడవునా నడిచే ఒక్కో వాటు 8.76 యూనిట్లవుతుంది కనుక మీ డెస్క్‌టాప్ ఏటా దాదాపు 480 యూనిట్లు ఖర్చు చేస్తోంది. పైగా అవి ఇంటి వాడకం మీద అదనంగా చేరేవి కాబట్టి మీరు చేరుకున్న పై స్లాబు ధరకే బిల్లులో పడతాయి. ఖాళీగా ఉన్నప్పుడు రాస్‌బెర్రీ పై 5 సుమారు 3–4 వాట్లతో, ఎన్100 పెట్టె 6–10 వాట్లతో సరిపెట్టుకుంటాయి. ఆ కొద్ది తేడా కోసం పై 5 వైపు మొగ్గవద్దని నా సలహా. అందులో వీడియోను హెచ్.264 అనే రూపంలోకి మార్చే (ఎన్‌కోడింగ్) ప్రత్యేక హార్డ్‌వేర్ లేనందున జెల్లీఫిన్ వీడియోను మార్చవలసి వచ్చిన ప్రతిసారీ భారమంతా ప్రాసెసర్‌పైనే పడుతుంది. ఎన్100లో ఆ పనిని క్విక్ సింక్ అనే, వీడియో మార్పిడికే ఉన్న ప్రత్యేక భాగం చూసుకుంటుంది.

సమాధానం 2:
ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ చిన్న పెట్టెలను, అంటే థింక్‌సెంటర్ టైనీ, ఆప్టిప్లెక్స్ మైక్రో వంటివాటిని కూడా పరిశీలించండి. వాటిలో ఉండే ఐ5-8500టీ వంటి ప్రాసెసర్ పక్కన 35 వాట్లని చూసి చాలామంది వెనకాడతారు గానీ, అది పని ఒత్తిడిలో ఉన్నప్పటి లెక్క. ఖాళీగా ఉన్నప్పుడు పెట్టె మొత్తం పది వాట్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఎన్100కు ఇంటెల్ అధికారికంగా చెప్పే మెమొరీ పరిమితి 16 జీబీ. ఈ సెకండ్ హ్యాండ్ పెట్టెల్లో అయితే రెండు మెమొరీ స్లాట్లుంటాయి. అడాప్టరు లేకుండా అమ్మేవారున్నారు, ముందే అడిగి తీసుకోండి.

సమాధానం 3:
ప్రాసెసర్ గురించి ఇంత చర్చ జరుగుతోంది గానీ, అసలు ఖర్చు డిస్కులది. తిరుగుతూ ఖాళీగా ఉన్న 3.5 అంగుళాల డిస్కు ఒక్కొక్కటి 4–6 వాట్లు తీసుకుంటుంది. రెండూ కలిస్తే మీరు కొనబోయే పెట్టెతో సమానం. ఆపరేటింగ్ సిస్టమ్‌ను, ఇమ్మిచ్ డేటాబేసును, థంబ్‌నెయిళ్లను ఎస్‌ఎస్‌డీలో ఉంచితేనే డిస్కులు నిద్రపోగలవు. లైనక్స్‌లో డిస్కు సెట్టింగులు మార్చే హెచ్‌డీపార్మ్ (hdparm) ఆదేశంలో ‘-S 241’ (పెద్ద S) ఇస్తే అరగంట తరువాత ఆగుతాయి. అంతకంటే తక్కువ సమయం పెట్టి మాటిమాటికీ ఆపి లేపడం డిస్కుకు మంచిది కాదు. ఈ డిస్కులకు కావలసిన 12 వోల్టులను మినీ పీసీ యూఎస్‌బీ పోర్టు ఇవ్వదు కనుక సొంత అడాప్టరున్న ఎన్‌క్లోజరు (డిస్కును అమర్చే బయటి పెట్టె) తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
ఎన్100కే మొగ్గుతున్నాను. రౌటరుకు వాడే 12 వోల్టుల మినీ యూపీఎస్ దీనికి సరిపోతుందా?

సమాధానం 3:
సరిపోదు. వాటిలో చాలావరకు 2 ఆంపియర్లవి, అంటే 24 వాట్లు. ఒక్క డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలోనే దాదాపు అంత లాగుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైనుకే కలిపి, దాని స్విచ్చును యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. సాధారణ మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే సమయం ఎక్కువ కావడంతో సర్వర్ రీస్టార్ట్ కావచ్చు.