కట్టెల బాయిలర్: బ్లోయర్ ఆగిన తరువాత కూడా నీరు మరిగి పొంగిపోతోంది, కారణం ఏమిటి?

ప్రశ్న (వసతిగృహ నిర్వాహకుడు, హయత్‌నగర్)

అందరికీ నమస్కారం. హయత్‌నగర్ దాటాక విజయవాడ రహదారికి చేరువలో ఉన్న ఒక విద్యార్థి వసతిగృహం నిర్వహణ నేను చూస్తున్నాను. పిల్లల స్నానాలకు వేడినీళ్ళ కోసం పెరట్లో రేకుల నీడ కింద 500 లీటర్ల కట్టెల బాయిలర్ ఉంది. అందులోని నీటిని నేరుగా వాడము. ఒక చిన్న పంపు ఆ నీటిని పక్కనున్న స్టోరేజి ట్యాంకులోని రాగి గొట్టపు చుట్ట గుండా పంపి, తిరిగి బాయిలర్‌లోకే తెస్తుంది. బాయిలర్ పైన గాలిలోకి తెరిచి ఉన్న వెంట్ పైపు, తరిగిన నీటిని నింపడానికి బాల్‌కాక్ ఉన్న చిన్న తొట్టి ఉన్నాయి.

థర్మోస్టాట్ 75 డిగ్రీల దగ్గర పెట్టి ఉంది. ఆ వేడికి చేరగానే పొయ్యిలోకి గాలి ఊదే బ్లోయర్ ఆగుతోంది, దానిలో తేడా లేదు. అయితే మంట మాత్రం తగ్గడం లేదు. ముల్లు 80, 90 దాటిపోయి, అర్ధరాత్రి తరువాత వెంట్ పైపులోంచి మరిగిన నీరు, ఆవిరి ఎగజిమ్ముతున్నాయి. థర్మోస్టాట్ కొత్తది వేయించినా ఫలితం లేదు. వర్షాకాలం వరకు అడితి నుంచి తుమ్మ కట్టెలు తెప్పించేవాళ్ళం. చలికాలం మొదలైనప్పటి నుంచి ఆటోనగర్ వైపు చవకగా దొరికే ప్యాకింగ్ పెట్టెల చెక్కలు వాడుతున్నాము. రాత్రి మళ్ళీ లేవనవసరం లేకుండా వాచ్‌మన్ పడుకునే ముందే పొయ్యి నిండా కట్టెలు వేస్తాడు.

నీరు వృథా కాకుండా వెంట్ పైపుకు ఒక గేట్ వాల్వు బిగిస్తే సరిపోతుందని స్థానిక ప్లంబర్ అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు 1 (విశ్రాంత బాయిలర్ ఆపరేటర్, సనత్‌నగర్)

చేయకూడదు. మిగతా విషయాలు తరువాత మాట్లాడుకుందాం, ముందు ఆ ఆలోచన మానుకోండి.

ఆ బాయిలర్ ఒత్తిడిని తట్టుకునేలా చేసినది కాదు. వెంట్ తెరిచి ఉన్నంతకాలం లోపల ఎంత మరిగినా ఆవిరి బయటికి పోతుంది, రేకు మీద భారం పడదు. వాల్వు బిగించి ఎవరైనా దాన్ని మూసిన రోజున, ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు కోరుతుంది కాబట్టి, పలుచటి రేకుతో వెల్డింగ్ చేసిన పెట్టె ఎక్కడో ఒక అతుకు దగ్గర తెగిపోతుంది. చట్టం వైపు నుంచి చూసినా ఇదే గీత కనిపిస్తుంది. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టం కూడా 100 డిగ్రీల లోపు నీరు కాచే పాత్రలను, చదరపు సెంటీమీటరుకు 1 కిలో కన్నా తక్కువ ఒత్తిడితో పనిచేసేవాటిని బాయిలర్ నిర్వచనం నుంచి మినహాయించింది. వెంట్ మూస్తే మీ పాత్ర ఆ మినహాయింపు వెనుక ఉన్న భద్రతనే పోగొట్టుకుంటుంది.

జవాబు 2 (ఫాబ్రికేషన్ పనివారు, బాలానగర్)

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తూ, అసలు కారణం గురించి రాస్తున్నాను.

బ్లోయర్ సరైన సమయంలో ఆగుతోందంటే థర్మోస్టాట్ తన పని తాను చేస్తోందన్నమాట. దాన్ని మార్చినా ఫలితం లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. బ్లోయర్ ఆగినా పొగగొట్టం లాగుతూనే ఉంటుంది. దారి దొరికితే గాలి తనంతట తానే లోపలికి వెళ్ళి మంటను బతికిస్తుంది. కాబట్టి వెతకవలసినది గాలి దూరే దారిని.

మొదట బ్లోయర్ గొట్టం చూడండి. అందులో ఒక ఇనుప రెక్క ఉంటుంది. బ్లోయర్ తిరిగేటప్పుడు గాలి తోపుకు లేస్తుంది, ఆగగానే తన బరువుతో పడి దారి మూస్తుంది. వర్షాకాలం వరకు తుమ్మ కట్టెలు కాల్చామంటున్నారు, అవి పచ్చివై ఉండవచ్చు. పచ్చి కట్టె ఆరీఆరక మండినప్పుడు వచ్చే పొగలోని తారు చల్లటి భాగాల మీద పేరుకుంటుంది. ఆ రెక్క ఇరుసు దగ్గర నల్లగా, నిగనిగలాడే గట్టి పొర కనిపిస్తే రెక్క సగంలోనే నిలిచిపోతోందని అర్థం. అప్పట్లో తడి కట్టెలు నిదానంగా మండేవి గనుక ఆ సందు వల్ల పెద్ద నష్టం తెలియలేదు. ఇప్పుడు వేస్తున్న ఎండు పలకలు అదే సందులోంచి వచ్చే గాలితో భగ్గున అంటుకుంటున్నాయి. ఆ చెక్కల్లో రంగు వేసినవి, ప్లైవుడ్ ముక్కలు ఉంటే ఏరి పక్కన పెట్టించండి. వాటి పొగ పిల్లలున్న చోట మంచిది కాదు.

రెండవది తలుపులు. కట్టెలు వేసే తలుపు, బూడిద తీసే తలుపు రెండూ పరీక్షించాలి. పొయ్యి వెలుగుతూ ఉండి బ్లోయర్ ఆగిన సమయంలో ఒక అగరుబత్తి వెలిగించి తలుపు అంచు వెంబడి నెమ్మదిగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తే అక్కడ సందు లేదు. పొగ పక్కకు వంగి లోపలికి పీల్చుకుపోతే అక్కడే లోపం ఉంది. బూడిద తలుపు అంచులో బొగ్గు ముక్క ఇరుక్కుని అది పూర్తిగా పడకపోవడం నేను చాలా చోట్ల చూశాను. తలుపు చుట్టూ ఉన్న తాడు ప్యాకింగ్ అణిగిపోయి ఉంటే మార్చండి. రాణీగంజ్ దుకాణాల్లో సెరామిక్ ఫైబర్ తాడు అడిగి తీసుకోండి, ఆస్బెస్టాస్ తాడు ఇస్తామంటే వద్దనండి.

ఇక కట్టెల లెక్క. 500 లీటర్ల నీటిని 75 నుంచి 98 డిగ్రీలకు తేవడానికి 11,500 కిలో క్యాలరీలు చాలు. (హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది.) ఎండు కట్టె కిలోకు 3,500 కిలో క్యాలరీల చొప్పున, అందులో సగమే నీటికి చేరుతుందనుకున్నా, ఆరేడు కిలోల కట్టె ఆ పని చేసేస్తుంది. రాత్రి స్టోరేజి ట్యాంకు కూడా వేడెక్కి పోయాక బాయిలర్ వేడిని తీసుకునేవాళ్ళెవరూ ఉండరు. అప్పటికి పొయ్యిలో నిండుగా ఉన్న కట్టెలన్నీ ఎక్కడికి పోవాలి?

ప్రశ్నించినవారి స్పందన

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాల్వు ఆలోచన విరమించుకున్నాము. ఈరోజు బ్లోయర్ గొట్టం విప్పి చూస్తే, మీరు చెప్పినట్లే రెక్క కొద్దిగా తెరిచి ఉన్న స్థితిలో అతుక్కుపోయి ఉంది. వేలితో నొక్కినా కదల్లేదు, స్క్రూడ్రైవర్‌తో గీకవలసి వచ్చింది. అగరుబత్తి పొగ పై తలుపు దగ్గర నిలకడగానే ఉంది గానీ, బూడిద తలుపు కింది మూల దగ్గర సన్నటి దారంలా లోపలికి పోయింది. తాడు తెప్పిస్తున్నాను. రెక్క శుభ్రం చేశాక ముల్లు 84 దగ్గర నిలిచింది. 75 అని పెట్టినప్పుడు 84 వరకు వెళ్ళడం సహజమేనా? మరొక సందేహం: మళ్ళీ ఎప్పుడైనా మరిగితే ఆ క్షణంలో ఏం చేయమని వాచ్‌మన్‌కు చెప్పాలి?

జవాబు 3 (హోటల్ మెయింటెనెన్స్ విభాగం, సికింద్రాబాద్)

నిప్పులు ఉన్నంతసేపు కొంత పైకి పోవడం సహజమే. థర్మోస్టాట్‌ను 68 దగ్గరికి తగ్గించి చూడండి. సెన్సర్ ఎక్కడ ఉందో కూడా ఒకసారి గమనించండి. అది తిరుగు నీటి పైపు దగ్గర, అంటే కింది భాగంలో ఉంటే, పంపు ఆగినప్పుడు పైన నీరు మరుగుతున్నా అది కింది చల్లటి నీటినే చూపిస్తుంది. కరెంటు పోతే మీ పంపు ఆగుతుందా? ఆ చిన్న పంపుకు ఇన్వర్టర్ లైను ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు.

పొంగిన ప్రతిసారీ తొట్టిలోంచి కొత్త బోరునీరు వచ్చి చేరుతుంది. మన వైపు బోరునీటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి, మామూలుగా అదే నీరు తిరిగే బాయిలర్‌లో పట్టని తెల్లటి పెచ్చు ఇలా పొంగడం వల్ల పడుతుంది. సెన్సర్ దూరే గొట్టం మీద ఆ పెచ్చు కడితే వేడి ఆలస్యంగా తెలుస్తుంది. సెన్సర్ గొట్టం ఒకసారి తీసి చూడండి.

పొగగొట్టంలో బటర్‌ఫ్లై డాంపర్ (తిప్పితే గొట్టం దారిని మూసే పలక) ఒకటి పెట్టించి రాత్రి పూట సగం మూస్తే లాగుడు తగ్గుతుందని కూడా నా సూచన.

జవాబు 4 (ఫాబ్రికేషన్ పనివారు, బాలానగర్)

సెన్సర్, పంపు విషయంలో పై జవాబు సరైనదే. డాంపర్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. గొట్టం మూసి మంటను ఊపిరాడకుండా చేస్తే పొగ పెరుగుతుంది, ఇప్పుడు గీకి తీసిన తారే మళ్ళీ పేరుకుంటుంది. పైగా రేకుల షెడ్డు పక్కన వాచ్‌మన్ మంచం ఉంటే, మూసిన గొట్టం నుంచి వెనక్కి తన్నే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవారికి తెలియదు. గాలిని లోపలికి వచ్చే చోట ఆపాలి, బయటికి పోయే చోట కాదు. కట్టెలు తగ్గించి, పడుకునే ముందు ఒక చిన్న మోపు, తెల్లవారుజామున ఒకటి వేయించండి. నిద్ర చెడుతుందని వాచ్‌మన్ అంటే, పలకల బదులు లావుపాటి తుమ్మ మొద్దు ఎండినది వేయమనండి, నిదానంగా కాలుతుంది.

మరిగినప్పుడు ఏం చేయాలని అడిగారు. బ్లోయర్ స్విచ్ ఆపాలి, పంపు నడుస్తూనే ఉండాలి, స్నానాల గదుల్లో వేడినీటి కుళాయిలు విప్పి ట్యాంకులోకి చల్లటి నీరు వచ్చేలా చేయాలి. అప్పుడు బాయిలర్ వేడి అటు పోతుంది. తలుపు తెరిచి చూడకూడదు, తెరవగానే గాలి అంది మంట ముఖం మీదికి వస్తుంది. నిప్పుల మీద నీళ్ళు చల్లకూడదు. నీటిమట్టం చూపే గాజు గొట్టంలో నీరు కనిపించకపోతే చల్లటి నీరు పంపకుండా, తొట్టి వాల్వు కట్టేసి, నిప్పు చల్లారేదాకా దూరంగా ఉండాలి. ఎర్రగా కాలిన రేకు మీద చల్లటి నీరు పడితే ఒక్కసారిగా ఆవిరి పుడుతుంది, అతుకులు విచ్చుకుంటాయి.

ప్రశ్నించినవారి స్పందన

ఈ సూచనలు తెలుగులో రాయించి షెడ్డు గోడకు అంటిస్తున్నాను. సెన్సర్ కింది భాగంలోనే ఉంది, పైకి మార్చడానికి సాకెట్ వెల్డింగ్ చేయించాలి. రెక్క ఇరుసు మళ్ళీ పట్టేయకుండా ఇంజన్ ఆయిల్ పూయవచ్చా?

జవాబు 5 (ఫాబ్రికేషన్ పనివారు, బాలానగర్)

నూనె వద్దు, వేడికి మాడి మసిని పట్టుకుంటుంది. పొడి గ్రాఫైట్ రాయండి. నెలకొకసారి గొట్టం విప్పి రెక్కను చేత్తో ఎత్తి వదలండి. టక్కుమని తనంతట పడాలి. సాకెట్ వెల్డింగ్‌కు ముందు బాయిలర్‌లో నీరంతా తీసేసి, వెంట్ తెరిచే ఉంచమని వెల్డర్‌కు చెప్పండి.