నవల ‘చదివించింది’ అంటే ఎవరు ఎవరిని చదివించినట్టు?

మన గ్రూపులో ఇష్టమైన ఇప్పటి నవలల గురించి నాలుగైదు రోజులుగా రాసుకుంటున్నాం కదా. అవన్నీ ఒకచోట పెట్టుకుని చదువుతుంటే ధ్యాస పుస్తకాల మీద కాకుండా ఒక మాట మీదికి పోయింది. ‘ఆపకుండా చదివించింది’, ‘చివరిదాకా చదివించింది’, ‘ఈయనకు చదివించే గుణం ఉంది’. ఎవరి పోస్టు చూసినా ఇదే మాట. ‘కొండపొలం’ నవల గురించి నేనూ అదే రాశాను. పంపేశాక అనుమానం మొదలైంది. ఇంతకీ ఈ వాక్యంలో ఎవరేం చేస్తున్నట్టు?

మామూలుగా అయితే ఇబ్బంది లేదు. చదువు, చదివించు. నవ్వు, నవ్వించు. చేయు, చేయించు. వ్యాకరణం పుస్తకాల్లో వీటిని ప్రేరణార్థకాలు అంటారు. చేసేది ఒకరు, చేయించేది మరొకరు. ‘మాస్టారు పిల్లవాడిచేత పద్యం చదివించారు’ అన్నప్పుడు ఎవరి చోట వాళ్ళున్నారు. చదివించింది మాస్టారు, చదివింది పిల్లవాడు, చదివినది పద్యం. ‘నవల చదివించింది’ అనేసరికి మాస్టారి కుర్చీలో నవలే కూర్చుంది, పద్యం ఉండాల్సిన చోటా నవలే ఉంది. ఒకే నటుడికి రెండు వేషాలు.

ఇంకో చిక్కు విభక్తితో. కొందరు ‘నన్ను చదివించింది’ అని రాశారు. మనుషుల విషయంలో ఆ మాటకు స్థిరపడ్డ అర్థం ఉంది. ‘మా అక్క నన్ను చదివించింది’ అంటే తను కష్టపడి ఫీజులు కట్టి నన్ను డిగ్రీ దాకా తీసుకొచ్చిందని. అదే అక్క పక్కన కూర్చుని ఒక పుస్తకం చదివేలా చేస్తే ‘నాచేత చదివించింది’. ‘ను’కీ ‘చేత’కీ మధ్య అంత దూరం ఉంది. మరి నవల ‘నన్ను చదివించింది’ అంటే నాకు చదువు చెప్పించిందనా? (కొన్ని నవలలు ఆ పనీ చేస్తాయి, అది వేరే సంగతి.) పెళ్ళిళ్ళ చదివింపులు సరే, అక్కడ చదివించడం అంటే కానుక ఇవ్వడమే.

నవల చేసే చదివించడం ఈ మూడింటిలో ఏదీ కాదు. ఇది మన నుడికారమేనా, ఎక్కడినుంచైనా దిగిందా? మీకేమనిపిస్తోంది?

*

ఒక మిత్రుడి జవాబు:

నాకైతే ఇంగ్లిషు వాసన కొడుతోందండీ. ప్రాణం లేనిదాన్ని కర్తగా కూర్చోబెట్టి, మనిషిని దాని చేతిలో పెట్టడం మనకు అంతగా అలవాటు లేదు. ‘ఈ వార్త నన్ను ఆశ్చర్యపరిచింది’ అని పేపర్లో రాస్తారు గానీ ఇంట్లో ఎవరంటారు? ‘ఆ మాట విని ఆశ్చర్యపోయాను’ అంటాం. ‘వాన మమ్మల్ని ఆపింది’ అనం, ‘వానకు ఆగిపోయాం’ అంటాం. ‘ఆ నవల ఆపకుండా చదివాను’ అంటే సరిపోయేదానికి నవలకు అంత పెత్తనం ఎందుకు?

నేను:

మీ ఉదాహరణలు రెండూ ఒప్పుకుంటాను. కానీ వీటిని ఏం చేద్దాం? ‘ఆకలి ఎంత పనైనా చేయిస్తుంది’. ‘కోపం నాచేత అంత మాట అనిపించింది’. ‘భయం పరుగెత్తించింది’. వీటిని ఎవరూ అనువాదాలు అనరు. ఆకలికీ కోపానికీ ప్రాణం లేదు గానీ పట్టు ఉంది. మనిషి చేతిలోంచి పగ్గాలు లాక్కుంటాయి. వాన అలా కాదు, అది బయట కురుస్తుంది. ఆకలి, కోపం, భయం లోపల పనిచేస్తాయి. ‘నవల చదివించింది’ అన్నవాళ్ళు తెలియకుండానే నవలను తీసుకెళ్ళి ఆకలి పక్కన కూర్చోబెట్టారు. పెత్తనమే, కాదనను. అయితే అది మనం ఇచ్చిన పెత్తనం.

అదే మిత్రుడు:

‘వాన తడిపేసింది’ అంటాం కదా మరి. మీ లోపల, బయట సిద్ధాంతం అక్కడే తడిసిపోయింది.

నేను:

తడిసింది. ఒప్పుకున్నాను. చేయించడం వరకే ఆ సిద్ధాంతం, తడపడానికి వర్తించదు అని తప్పించుకోవచ్చు గానీ ఇప్పుడు ఓపిక లేదు.

*

ఒక సభ్యురాలి జవాబు:

మీరిద్దరూ వాదించుకుంటూ ‘కొను’ని మర్చిపోయారు. మా అమ్మ పుస్తకం గురించి ‘చదివిస్తుంది’ అనేది కాదు, ‘చదివించుకుంటుంది’ అనేది. ‘చొక్కా కుట్టించుకున్నాడు’ అంటే కుట్టింది దర్జీ, చొక్కా చేరింది మనిషికి. ‘పని చేయించుకున్నాడు’ అంటే చేసింది ఎవరో, లాభం వీడిది. అలాగే నవల చదివించుకుంది అంటే తనను చదివే పని తనకోసం మనచేత చేయించుకుందని. చదివించేదీ చదవబడేదీ ఒకటే అయిపోయిందని మీరు మొదట్లో పడ్డ తంటా అంతా ఆ ఒక్క ‘కొను’తో తీరిపోతుంది.

నేను:

అమ్మగారికి నమస్కారం. ఇంతసేపూ నేను వెతుకుతున్నది ఇదే.

ఇది దొరికాక నా పాత పోస్టు మళ్ళీ తీసి చూసుకున్నాను. అందులో మూడు నవలలకీ ‘చదివించింది’ అనే రాసి ఉంది. నిజానికి మూడింటితో నా అనుభవం మూడు రకాలు.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ నిజంగానే చదివించుకుంది. 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి వచ్చింది దీనికి. ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రాడు, కరువులో గొర్రెల వెంట నల్లమల అడవికి వెళతాడు. పేరు చూసి నేను కొండ మీద పొలం, అంటే చేను, వ్యవసాయం కథ అనుకుని మొదలుపెట్టాను. ఇక్కడ పొలం అంటే చేను కాదు. ఊరి చుట్టూ మేత అయిపోయినప్పుడు మందను కొండల్లోకి తోలుకెళ్ళి, వారాల తరబడి అక్కడే మేపుకుంటూ ఉండటాన్ని కొండపొలం అంటారు. అది చోటు పేరు కాదు, చేసే పని పేరు. ఈ సంగతి తెలిసిన క్షణం నుంచి పుస్తకం నా చేతిలోంచి పగ్గాలు లాక్కుంది. పులి ఎప్పుడొస్తుందా అని టెన్షన్, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయా అని టెన్షన్. రెండు రాత్రులు.

బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ అలా కాదు. 2019 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం దీనికే వచ్చింది. ఇక్కడ నా పరువు కొంచెం పోతుంది గానీ చెప్పక తప్పదు. చాలాకాలం ఆ పేరును ‘సప్తభూమి’ అని చదువుకున్నాను. శకారం కళ్ళముందే ఉంది, నోరు మాత్రం సకారమే పలికింది. పుస్తకం మొదలుపెట్టాక ఆ ఏడు భూములు ఏవా అని వెతుక్కున్నాను కూడా. ఒక మిత్రుడికి ‘సప్తభూమి చదువు’ అని మెసేజ్ పెడితే, ‘ముందు నువ్వు పేరు చదువు’ అని జవాబొచ్చింది. శాపం, శపించు, శప్తం. శాపం తగిలిన నేల. పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ కథకు అంతకంటే పేరేం కావాలి? ఆ కాలం మాటలు, కొలువులు, ఆచారాలు అర్థం చేసుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ చదివాను. అది తనంతట తాను చదివించుకోలేదు. నేను చదివాను. అది తక్కువ అని కాదు. ఆ మూడింటిలో ఎక్కువ రోజులు నాతో ఉన్నది అదే.

మూడోది మధురాంతకం నరేంద్ర గారి ‘మనోధర్మపరాగం’. 2022 అకాడెమీ పురస్కారం. ఇక్కడా పేరు దగ్గరే ఆగాలి. మనోధర్మం అంటే మనసుకు సంబంధించిన ఏదో ధర్మం అనుకుని ముందుకెళితే సగం పోతుంది. కర్ణాటక సంగీతంలో అది సాంకేతిక పదం. ముందే కూర్చిపెట్టిన కీర్తన కాకుండా, పాడేవాళ్ళు అక్కడికక్కడ సొంతంగా అల్లుకుపోయే భాగం. రాగాలాపన, స్వరకల్పన లాంటివి. పరాగం అంటే పుప్పొడి, ఆ మాటలోనే రాగం దాక్కుని ఉంది. పాఠకుడు కూడా కొంత మనోధర్మం చూపించాల్సిన నవల అది.

*

మరో మిత్రుడు:

అయితే ‘చదివించలేదు’ అన్న మాట సంగతేంటి? ఒక నవలను సగంలో వదిలేసి ‘అబ్బే, చదివించలేదండీ’ అంటాం. తప్పు మొత్తం పుస్తకం మీదికి తోసేశాం. ‘నేను చదవలేకపోయాను’ అంటే తప్పు నాది. ‘చదవబుద్ధి కాలేదు’ అంటే తప్పు నాదీ కాదు, పుస్తకానిదీ కాదు, బుద్ధిది. తెలుగులో తప్పించుకోవడానికి ఎన్ని దారులో.

నేను:

ఇది చాలా నచ్చింది. ‘అంపశయ్య’ విషయంలో నేను ఇదే చేశాను. 1969లో వచ్చిన నవల, ఇప్పటిది కాదు గానీ ఉదాహరణకు బాగుంటుంది. ఒక యూనివర్సిటీ విద్యార్థి బుర్రలో ఆలోచనలు ఎలా వస్తే అలా, వరస లేకుండా రాసుకుపోతారు నవీన్ గారు. చైతన్య స్రవంతి అంటారే, ఆ పద్ధతి. రెండుసార్లు మొదలుపెట్టి వదిలేసి ‘చదివించడం లేదు’ అని అందరికీ చెప్పుకున్నాను. చదవలేకపోయాను అనాలి.

అన్నట్టు, ఇందాక ‘నచ్చింది’ అన్నాను చూడండి. మీరు రాసిన తీరును నిజానికి మెచ్చాను కూడా. ఆ రెండూ ఒకటి కాదు.

ఆ సభ్యురాలే మళ్ళీ:

కాదు. ‘నాకు నచ్చింది’. అక్కడ నేను కర్తను కాదు, నచ్చడం నాకు జరిగింది, ఆకలేసినట్టు, నిద్రొచ్చినట్టు. ‘నేను మెచ్చాను’. అక్కడ నేనే కర్తను. అందుకే ‘ఎందుకు నచ్చింది?’ అంటే ‘ఏమో, నచ్చింది’ అనొచ్చు. ‘ఎందుకు మెచ్చుకున్నావు?’ అంటే మాత్రం కారణం చెప్పాలి. ఇష్టమైన నవలల జాబితాలో మనందరం నచ్చినవే రాశాం. మెచ్చినవి రాయమంటే జాబితా సగం అవుతుంది, పోస్టు రెట్టింపు అవుతుంది.

మొదటి మిత్రుడు:

నచ్చినవి ఇంకొకరికి నచ్చేలా చెప్పడానికి కూడా మాట ఉంది, నచ్చజెప్పడం. అయితే దాన్ని ఎందుకో అలిగినవాళ్ళ దగ్గరే వాడతాం. పుస్తకాల విషయంలో మనం చేసేది అదేనేమో.

*

కొత్తగా చేరిన ఒకరు:

‘ఏకబిగిన చదివాను’ అన్న మాటలో బిగి అంటే ఊపిరి బిగబట్టడమా?

నేను:

బిగి అంటే బిగుతు, పట్టు. ఒకే పట్టున అని అర్థం. ఏక సంస్కృతం, బిగి తెలుగు. ఇలాంటి జోడింపును మిశ్ర సమాసం అంటారు. కొందరికి ఇవి గిట్టవు గానీ, ఇందాక చెప్పుకున్న ‘అంపశయ్య’ కూడా అలాంటిదే. అంపం తెలుగు, శయ్య సంస్కృతం. ఏకబిగికి సరిపోయే నవల కావాలంటే కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ చదవండి. చిన్న పుస్తకం. పందుల్ని మేపుకునే ముసలాయన, తప్పిపోయిన పంది, అడవి, రాత్రి. ఆయనకు పేరు కూడా ఉండదు, ‘అతడు’ అంతే. కూర్చున్న చోటునుంచి లేవరు. ‘ఏకధాటి’ మాత్రం నవలకు నా చెవికి అంత నప్పదు. ధాటి అంటే జోరు, దాడి. వానకో, ఉపన్యాసానికో బాగుంటుంది.

ఆయనే:

‘సమకాలీన నవల’ అంటే ఎవరికి సమకాలీనం?

నేను:

మంచి ప్రశ్న. ‘కేతన తిక్కనకు సమకాలీనుడు’ అన్నట్టు ఆ మాటకు పక్కన ఇంకొకరు ఉండాలి. ఎవరూ లేకుండా ఒంటరిగా వాడితే ఆ ఇంకొకరు మనమే అని అర్థం చేసుకోవాలి. నేనైతే ‘ఇప్పటి నవల’ అంటాను, పలకడానికీ తేలిక. ‘నవల’ మాటే కొత్తదనం మీద పుట్టింది. కందుకూరి ‘రాజశేఖర చరిత్ర’ను వచన ప్రబంధం అనుకుంటే, దాన్ని సమీక్షించిన కాశీభట్ట బ్రహ్మయ్య శాస్త్రి నవల అన్నారు. పాత తెలుగులో నవల అంటే స్త్రీ అని ఒక అర్థం ఉంది. నిఘంటువులో ఆ పేజీ తీసి చూడండి, సరదాగా ఉంటుంది.

ఇక నా పాత పోస్టు దిద్దాను. ఇప్పుడిలా ఉంది: ‘కొండపొలం’ రెండు రాత్రుల్లో చదివించుకుంది. ‘శప్తభూమి’ నేను చదివాను, మెల్లగా, పేరుతో సహా. ‘మనోధర్మపరాగం’ మెచ్చాను, కారణాలు రేపు రాస్తాను. ‘అంపశయ్య’ మూడోసారి మొదలుపెట్టాను, ఇంకా బుద్ధి కావాలి.