ముత్తాత పేరు హుసేనప్ప అయితే మనం ముస్లింలమా?

ప్రశ్న (నార్పల పిల్లోడు):
మాది అనంతపురం జిల్లా, గూగూడు పక్క పల్లె. తాతకు ముందు పుట్టిన ముగ్గురూ నిలవలేదట. పీర్లకు (మొహర్రంలో ఊరేగించే పంజాలకు) మొక్కుకున్నాక నిలిచాడని హుసేనప్ప అని పెట్టారు. చిన్నాన్నేమో కుళ్లాయప్ప. ఇంట్లో వెంకన్న పటం పక్కనే మా గూగూడు పీరు కుళ్లాయిస్వామి పటం. గూగూడులోనూ అంతే, ఆయన గుడికి ఆంజనేయుడి గుడి ఆనుకునే ఉంటుంది.

ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాం. స్కూల్లో వంశవృక్షం గీయమంటే మావాడు ముత్తాత పేరు రాశాడు. "మీరు ముస్లింలా?" అన్నాడట పక్క పిల్లోడు. కాదు నాయనా అన్నాను. "మరి ఆ పేరెందుకు?" అన్నాడు. నోట మాట రాలేదు. ఈ మొహర్రంకి ఊరు తీసుకెళ్తున్నా. ఏం చెప్పమంటారు?

జవాబు (నల్లగొండ):
మా ఊళ్లో తురకోళ్ల ఇండ్లు రెండే. పీర్ల కొట్టానికి సున్నం కొట్టేది మేమే, నిప్పుల గుండం తవ్వేది మేమే. అమ్మ ఇప్పటికీ పీరుకు దట్టి (గుడ్డ) కడతది, కుడుకలు ఇస్తది. మాది ఏ మతమని ఎవరూ అడగలే. అడగకపోతేనే మంచిగ ఉండె.

జవాబు (కడప):
నేను ముస్లింని. మా నాయన పీర్ల దగ్గర ఫాతెహా (ప్రార్థన) చదివేవాడు. ఇప్పుడు మా కుర్రాళ్లే "ఇది మన దీన్‌లో (మతంలో) లేదు" అంటారు, కాబట్టి మీ ప్రశ్న నాకు అటువైపు నుంచి వస్తోంది! బాబుకి ముందు కథ చెప్పండి. హుసేన్ ప్రవక్త గారి మనవడు. 680లో కర్బలాలో నీళ్లు కూడా అందనివ్వకుండా చంపారు. అందుకే మనం ఆ రోజు షర్బత్ పోస్తాం. పిల్లలకు దప్పిక అర్థమవుతుంది.

జవాబు (కర్నూలు):
అందరూ ఒకటే అని మాత్రం చెప్పకండి. మా ఊళ్లో డప్పు మావాళ్లు కొట్టాలి, పీరు మాత్రం ఎత్తనివ్వరు. ఆ పది రోజులూ మేం ఊరివాళ్లమే, పీర్ల చావిడి గడప దాకా.

నార్పల పిల్లోడు:
కడప అన్నా, షర్బత్ సంగతి చెప్పేశాను. "ఇంత కూడా ఇవ్వలేదా?" అని గ్లాసు చూపించాడు. కర్నూలు అన్నా, మా ఊళ్లో పీరు ఎవరు ఎత్తుతారో ఇన్నేళ్లలో నేను గమనించనే లేదు. సిగ్గేసింది. ఈసారి చూస్తా. వాడి టెన్షన్ వేరే, గుండం తొక్కితే కాళ్లు కాలవా అని.