గ్యాలరీలోకి ఊరికే వెళ్లి చూసి రావచ్చా?

కూకట్‌పల్లి_కుర్రాడు
ఆరేళ్లుగా మాదాపూర్‌లోనే ఉద్యోగం. కావూరి హిల్స్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ముందు నుంచే క్యాబ్ వెళ్తుంది. ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. మొహమాటం, అంతే. మొన్న ధైర్యం చేసి బంజారా హిల్స్‌లో ఒక ప్రైవేట్ గ్యాలరీ దాకా వెళ్లాను. అద్దం తలుపులోంచి చూస్తే లోపల ఒకావిడ లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది, ఇంకెవరూ లేరు. చెప్పులు విప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి, పక్క సందులో చాయ్ తాగి ఇంటికొచ్చేశాను. టికెట్ ఉంటుందా? ఏం కావాలని అడిగితే ఏం చెప్పాలి? వెళ్లేవాళ్లు కాస్త చెప్పండి.

సైడ్_లోయర్
చెప్పులు విప్పక్కర్లేదు బ్రో :) మామూలుగా టికెట్ కూడా ఉండదు. ఆవిడ మిమ్మల్ని పలకరించకపోతే చిన్నచూపు అనుకోకండి, బట్టల కొట్టులోలా వెంటపడరు, అంతే. స్టేట్ గ్యాలరీతోనే మొదలుపెట్టండి. ప్రభుత్వానిది, హాళ్లు పెద్దవి, ఎవరూ పట్టించుకోరు. 2015లో మొదలైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్‌ని నేను అక్కడే చూశాను. ఫోటోలైతే అర్థం కాలేదన్న బెంగ ఉండదు. ఓపెనింగ్ రోజు మాత్రం వద్దు. ఆ సాయంత్రం జనం ఒకరినొకరు చూసుకోవడానికి వస్తారు. మర్నాడు మధ్యాహ్నం వెళ్తే హాలంతా మీదే.

ఉప్పల్_అక్క
మా అమ్మ సంగతి చెప్తాను, మీ భయం పోతుంది. రెండేళ్ల క్రితం ఒక గ్యాలరీలో పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటే అమ్మని కూడా తీసుకెళ్లాను. తెల్లటి గది, నేల మీద బియ్యం కుప్ప. ఒకమ్మాయి మాటా పలుకూ లేకుండా రాళ్లు ఏరుతోంది. మూడు గంటలు అదే పని అని తలుపు దగ్గర కాగితం అంటించారు. అందరూ చేతులు కట్టుకుని గోడవారగా నిలబడి చూస్తున్నారు. అమ్మ రెండు నిమిషాలు చూసి, "ఒక్కతే ఎంతసేపని ఏరుతుంది పాపం" అంటూ వెళ్లి పక్కన కూర్చుంది! నాకు తల కొట్టేసినట్టయింది. గ్యాలరీ అతను రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు. ఆ అమ్మాయి తలెత్తలేదు గానీ, రెండు గుప్పిళ్ల బియ్యం అమ్మ వైపు జరిపింది. నలభై నిమిషాలు ఇద్దరూ ఏరారు.

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో అమ్మ మెల్లగా అంది: "బియ్యంలో వడ్లగింజ ఒక్కటి కూడా లేదే. రాళ్లన్నీ ఒకే సైజు. కావాలని కలిపారు." అంతమంది చూశారు కదా, ఆ సంగతి ఇంకెవరికైనా తట్టిందంటే నేను నమ్మను.

ముషీరాబాద్_మాటకారి
అమ్మకి దండం. కానీ అక్కా, సగం షోల్లో గోడకో తాడు వేలాడదీసి, పక్కన రెండు పేజీల ఇంగ్లిష్ అంటిస్తారు. చదివితే తాడు కూడా అర్థం కాకుండా పోతుంది. తెలుగులో నాలుగు లైన్లు రాస్తే వీళ్ల సొమ్మేం పోయింది? నాకైతే లామకాన్ హాయి. 2010 నుంచి నడుస్తోంది. బంజారా హిల్స్‌లో పాత ఇల్లు. నాటకం, గజల్, డాక్యుమెంటరీ, ఏదో ఒకటి ఉంటుంది. ఏమీ నచ్చకపోతే సమోసా ఉండనే ఉంది.

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు
తాడు విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే కుర్రాడికి ఒక సలహా. మొదట ప్రింట్లు చూడు నాయనా. ప్రింటంటే జిరాక్స్ కాదు. ఎచింగ్ అనే ప్రింటు పద్ధతిలో రాగి రేకు మీదో జింకు రేకు మీదో పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ఉంచుతారు. గీత పడ్డచోటే యాసిడ్ రేకును తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి, పైన తుడిచేసి, తడి కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కుతారు. కాగితం మీద చుట్టూ రేకు అంచు నొక్కుకుపోయిన గుర్తు ఉంటుంది. పక్కనుంచి వెలుతురులో చూస్తే కనబడుతుంది. కింద పెన్సిల్‌తో 7/25 అని రాసి ఉంటే ఇరవై అయిదింటిలో ఏడోది అని. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్ దొరికితే వదలకు. ఒక్క మేక వెంట్రుకల మీదే అరగంట నిలబడిపోతావు. చిత్రకారుడు వైకుంఠం గారు గీసిన, బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు క్యాలెండర్లలో చూసిందే కదా అనిపిస్తుంది గానీ, అసలు బొమ్మ ముందు ఆ ఎరుపు వేరు.

కూకట్‌పల్లి_కుర్రాడు
7/25 అంటే జూలైలో గీశారేమో అనుకునేవాణ్ణి సార్ :(

మెట్రో_పాస్
గోడలు కూడా లెక్కే కదా? ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తాలో 2016లో ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలేశారు. నేను ఆలస్యంగా వెళ్లాను, చాలా వెలిసిపోయాయి. ఒక బొమ్మ ముక్కు మీదుగా ఎవరో పైపు దింపేశారు. అది బస్తీ, జనం కాపురాలుండే చోటు. వాకిట్లో బట్టలారేస్తున్నవాళ్లని అడక్కుండా ఫోటోలు తీయొద్దు. నేను తీసి తిట్లు తిన్నాను, తినాల్సిందే.

ఇంకోటి, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆదివారం కాదు. లీవు పెట్టి మరీ వెళ్లి గేటు చూసొచ్చాను.

కూకట్‌పల్లి_కుర్రాడు
శనివారం స్టేట్ గ్యాలరీకి వెళ్లొచ్చాను! ఏం కావాలని ఎవరూ అడగలేదు. సెక్యూరిటీ అన్న రిజిస్టర్ చూపించాడు, అంతే. అభిప్రాయం రాసేచోట నాకంటే ముందు ఎవరో తెలుగులో "బాగుంది, కాస్త కుర్చీ వేస్తే ఇంకా బాగుండేది" అని రాశారు. నేను ఆ కిందే సంతకం పెట్టాను. రెండో గదిలో ప్రింట్లున్నాయి. మాస్టారు చెప్పిన నొక్కు కనబడింది, వంగి చూస్తుంటే మెడ పట్టేసింది.

ఒక్క డౌటు. కొన్ని బొమ్మల పక్కన చిన్న ఎర్ర చుక్కలు అంటించి ఉన్నాయి. పిల్లలెవరో అంటించారేమో, పీకేద్దామా అనుకుని ఊరుకున్నా.

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు
పీకకు నాయనా! అవి అమ్ముడుపోయిన బొమ్మలు.